మబ్బులో ల్యాండింగ్: ‘వద్దు’ అనాల్సింది ఎవరు?

2001 మార్చి 29. లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్ట్‌లో గల్ఫ్‌స్ట్రీమ్-3 రకం ప్రైవేట్ జెట్ ఒకటి ప్రయాణికుల కోసం ఎదురుచూస్తోంది. వెళ్లాల్సింది కొలరాడోలో రాకీ పర్వతాల మధ్య ఉన్న ఆస్పెన్‌కి. స్కీయింగ్‌కీ, డబ్బున్నవాళ్ల సెలవులకీ పేరుపడ్డ చిన్న ఊరు అది. విమానాన్ని అద్దెకు తీసుకున్న బృందం ఆలస్యంగా వచ్చింది. ఆస్పెన్ గడియారం ప్రకారం 4.30కి బయల్దేరాల్సిన జెట్ 5.11కి గాల్లోకి లేచింది. అంటే 41 నిమిషాలు లేటు.

మనకు 41 నిమిషాలు పెద్ద లెక్క కాదు. కాలేజీ బస్సు కూడా అంతకంటే ఎక్కువ లేటవుతుంది. కానీ ఆస్పెన్‌లో అప్పట్లో ఒక రూల్ ఉండేది. ఆ రకం జెట్‌లు సూర్యాస్తమయం అయిన 30 నిమిషాల తర్వాత అక్కడ దిగకూడదు. ఆ రోజుకి ఆఖరి టైమ్ 6.58. జెట్ చేరుతుందని వేసిన అంచనా 6.46. చేతిలో మిగిలింది 12 నిమిషాలు. ఆస్పెన్ మీద మంచు జల్లులు పడుతున్నాయి. చీకటి పడుతోంది.

రాత్రి 7 గంటల 1 నిమిషం 57వ సెకనులో ఆ జెట్ రన్‌వేకి 2,400 అడుగుల ఇవతలే కొండవాలును ఢీకొట్టింది. 15 మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది, మొత్తం 18 మందీ చనిపోయారు.

దాదాపు పాతికేళ్ల కిందటి ఈ ప్రమాదం ఇప్పుడెందుకు? ఎందుకంటే ఇలాంటివి ఆగలేదు. 2025 మే 22 తెల్లవారుజామున శాన్ డియాగోలోని మాంట్‌గోమరీ గిబ్స్ అనే చిన్న ఎయిర్‌పోర్ట్‌లో దిగడానికి వచ్చిన సెస్నా సైటేషన్ జెట్ పొగమంచులో కరెంటు తీగలకు తగిలి ఇళ్ల మధ్య కూలిపోయింది. అందులో ఉన్న ఆరుగురూ చనిపోయారు. విమానాలు మారాయి, జీపీఎస్ వచ్చింది, స్క్రీన్లు పెద్దవయ్యాయి. ప్రమాదం జరిగే తీరు మాత్రం పెద్దగా మారలేదు. వాతావరణం బాగోలేదని తెలుసు, వెనక్కి తిరగొచ్చని తెలుసు. అయినా ‘ఒక్కసారి చూద్దాం’ అని కిందికి దిగుతారు.

ఆ ‘ఒక్కసారి చూద్దాం’ ఎక్కడి నుంచి వస్తుంది? ఉద్యోగం కోసం చూస్తున్న మనకు ఇందులో పనికొచ్చే పాఠం ఏంటి?

కనిపించకపోతే దిగకూడదు: ఆ గీత ఎక్కడుంది?

ముందు కాస్త ఇంజినీరింగ్. మబ్బులో ఉన్న పైలట్‌కి బయట ఏమీ కనిపించదు. పరికరాలు చూసుకుంటూ ఒక నిర్ణీత ఎత్తు వరకు దిగుతారు. ఆ ఎత్తును పైలట్లు ‘మినిమమ్స్’ అంటారు. అక్కడికి వచ్చాక రన్‌వే గానీ దాని లైట్లు గానీ కనిపిస్తేనే ఇంకా కిందికి వెళ్లాలి. కనిపించకపోతే ఇంజిన్లకు పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేవాలి. దాన్నే గో అరౌండ్ అంటారు.

శంషాబాద్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఐఎల్ఎస్ ఉంటుంది. నేల మీది యాంటెన్నాలు రెండు రేడియో సిగ్నళ్లు పంపుతాయి. ఒకటి ఎడమా కుడీ చూసుకోవడానికి, ఇంకోటి ఎత్తు చూసుకోవడానికి. ఐఎల్ఎస్‌లో మామూలు రకంతోనే రన్‌వేకి 200 అడుగుల ఎత్తు వరకు మబ్బులో దిగొచ్చు.

ఆస్పెన్‌లో ఆ రోజు వాడిన పద్ధతిలో ఎత్తు చూపించే సిగ్నల్ లేదు. మెట్లు దిగినట్టు ఒక్కో దూరంలో ఒక్కో ఎత్తుకు దిగుతూ రావాలి. ఆఖరి మెట్టు సముద్ర మట్టానికి 10,200 అడుగులు. రన్‌వే ఎత్తు సుమారు 7,800 అడుగులు. అంటే రన్‌వేకి దాదాపు 2,400 అడుగుల పైనే ‘కనిపిస్తోందా, లేదా’ తేల్చుకోవాలి. చుట్టూ కొండలు కాబట్టి గీతను అంత పైన గీశారు. మారుమూల ఎయిర్‌పోర్టు అంటే ఇదీ తేడా. అక్కడ సాయం తక్కువ, అందుకే నిర్ణయం ముందే తీసుకోవాలి.

ఇప్పుడు టైమ్ లెక్క చూద్దాం. చిన్న జెట్ దిగేటప్పుడు స్పీడ్ 130 నాట్లు అనుకుంటే సెకనుకి సుమారు 67 మీటర్లు. ఎదురుగా 700 మీటర్లే కనిపిస్తోందంటే, కళ్లకు కనిపించినదాని మీదికి వెళ్లిపోవడానికి పట్టేది 10 సెకన్లు. ఆ పది సెకన్లలో కనిపించింది రన్‌వేయేనా, మన విమానం సరైన గీతలో ఉందా, స్పీడ్ సరిపోయిందా అన్నీ తేల్చాలి. కాబట్టి నిర్ణయాన్ని ఆ పది సెకన్ల కోసం అట్టిపెట్టకూడదు. బయల్దేరకముందే రాసి పెట్టుకోవాలి. మినిమమ్స్ అనే అంకె ఉన్నది అందుకే.

ఆస్పెన్‌లో అంకె ఉంది, మరి ఎందుకు దాటారు?

అమెరికాలో ప్రమాదాలపై దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ ఆస్పెన్ కేసులో ఇచ్చిన ప్రధాన కారణం ఒకటే. రన్‌వే సరిగా కనిపించకుండానే పైలట్లు మినిమమ్స్ కంటే కిందికి దిగారు. వార్తల్లో అయితే ఇది ‘పైలట్ తప్పిదం’ అనే రెండు ముక్కల్లో అయిపోతుంది. కానీ ఆ నివేదిక అక్కడితో ఆగలేదు. ప్రమాదానికి దోహదం చేసినవి ఇంకొన్ని రాసింది. చదవాల్సింది వాటినే.

ఒకటి, అర్థం కాని నోటీసు. ఆ పద్ధతిలో రాత్రిపూట దిగకూడదని విమానయాన సంస్థ ఎఫ్ఏఏ అంతకు ముందే నోటీసు ఇచ్చింది. కానీ ‘రాత్రి సర్క్లింగ్‌కు అనుమతి లేదు’ అన్నట్టు రాసింది. సర్క్లింగ్ అంటే రన్‌వే కనిపించాక చుట్టూ తిరిగి దానికి ఎదురుగా వచ్చి దిగడం. తిన్నగా వెళ్లి దిగొచ్చేమోననే అనుమానానికి ఆ వాక్యం చోటిచ్చింది. ‘రాత్రిపూట ఈ పద్ధతి మొత్తం వాడొద్దు’ అని రాసి ఉంటే గొడవే లేదు.

రెండు, ఆ నోటీసు ఆస్పెన్ కంట్రోల్ టవర్‌కే అందలేదు. అందితే పైలట్లు ఆ పద్ధతిలో వస్తామన్నప్పుడు అడ్డుచెప్పే వీలుండేది.

మూడు, ఒత్తిడి. ఇదే అసలు విషయం. వాతావరణం వల్ల ఆస్పెన్‌లో దిగలేకపోవచ్చని, వేరే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాల్సి రావొచ్చని ఆ కస్టమర్ బృందానికి తెలిసింది. ఆయనకు కోపం వచ్చింది. విమానం దారి మళ్లించే మాటే వద్దని ఆయన తరఫు నుంచి చార్టర్ కంపెనీకి ఫోన్ వెళ్లింది. ఆ మాట పైలట్ చెవిలోనూ పడింది. దిగేటప్పుడు కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే సీట్లో ఒక ప్రయాణికుడు కూర్చుని ఉన్నట్టు కూడా దర్యాప్తు చెప్పింది. ఆ కూర్చున్నది కస్టమరే అయితే కెప్టెన్ మీద ఒత్తిడి ఇంకా పెరిగి ఉంటుందని రాసింది.

నాలుగు, గడియారం. 6.58 దాటితే ఇక ఇంకో ప్రయత్నం లేదు. రెండోసారి ప్రయత్నించే వీలుందని తెలిస్తే మొదటిసారి వెనక్కి తిరగడం తేలిక. ఇదే ఆఖరి ఛాన్స్ అన్నప్పుడు కష్టం. పరీక్ష హాల్లో ఆఖరి పది నిమిషాల్లో మనం రాసే ఆన్సర్లు గుర్తు తెచ్చుకోండి.

వాళ్ల ముందు వచ్చిన విమానాల్లో కొన్ని రన్‌వే కనిపించక గో అరౌండ్ చేసి వెళ్లిపోయాయి. ఈ జెట్‌కి కూడా రైఫిల్ అనే పక్క ఊరి ఎయిర్‌పోర్ట్ ఆల్టర్నేట్‌గా ఉంది. అక్కడ దిగితే ఏమవుతుంది? కొండదారిలో కారు ప్రయాణం, ఒక సాయంత్రం పాడు, కస్టమర్ చేత నాలుగు మాటలు. అంతే. కానీ ఆ క్షణంలో ఆ కెప్టెన్‌కి కొండ మబ్బు వెనక ఉంది. నాలుగు మాటలనే మనిషి కళ్ల ముందున్నాడు.

ఎయిర్‌లైన్స్‌కి లేని చిక్కు

కార్పొరేట్ జెట్ విషయంలో ఈ ఒత్తిడి ఎక్కువ కావడానికి కారణాలున్నాయి. మనం ఎక్కే ఎయిర్‌లైన్స్ విమానంలో 180 మంది ఉంటారు. వాళ్లలో ఎవరూ కెప్టెన్‌కి బాస్ కాదు. అమెరికాలో అయితే నేల మీద డిస్పాచర్ అనే ఇంకో ఉద్యోగి ఉంటాడు. విమానం వెళ్లాలా వద్దా అనే బాధ్యత చట్టప్రకారమే ఇద్దరిదీ. ఒకరు తడబడితే ఇంకొకరు ఆపొచ్చు. చిన్న చార్టర్ కంపెనీలో చాలాసార్లు అంత వ్యవస్థ ఉండదు. జీతం ఇచ్చే కంపెనీకి డబ్బు కట్టే మనిషి పైలట్ వెనక పది అడుగుల దూరంలో కూర్చుని ఉంటాడు.

ఇంకోటి, ప్రైవేట్ జెట్ కొనేదే ఎయిర్‌లైన్స్ వెళ్లని చోటికి వెళ్లడానికి. ఫ్యాక్టరీ ఉన్న ఊరు, గని ఉన్న కొండ, రిసార్ట్ ఉన్న లోయ. అంటే తక్కువ పరికరాలున్న రన్‌వేల మీదికి వాళ్లు ఎక్కువగా వెళ్తారు.

శాన్ డియాగో పెద్ద నగరమే. కానీ ఆ తెల్లవారుజామున ఆ చిన్న ఎయిర్‌పోర్ట్ మారుమూల రన్‌వేతో సమానం. ఆ టైమ్‌లో టవర్ మూసి ఉంటుంది. వాతావరణం చెప్పే ఆటోమేటిక్ స్టేషన్ పనిచేయడం లేదు. రన్‌వే ముందు దారి చూపించే అప్రోచ్ లైట్లు అంతకు చాలాకాలం ముందు నుంచే పనిచేయడం లేదు. ప్రాథమిక నివేదిక చెప్పిన విషయాలివి. అమెరికా రూల్స్ ప్రకారం చార్టర్ విమానమైతే అక్కడి వాతావరణం రిపోర్టు లేకుండా దిగే ప్రయత్నమే మొదలుపెట్టకూడదు. సొంత విమానానికి ఆ నిబంధన లేదు. మినిమమ్స్ వరకు వెళ్లి చూసి రావొచ్చు. ‘చూసి రావడం’ అన్న వెసులుబాటు ఎంత ప్రమాదకరమో అక్కడ తేలింది.

కస్టమర్ అరవకపోయినా...

ఒత్తిడి ఎప్పుడూ బయటి నుంచే రాదు. 2021 జులై 26న కాలిఫోర్నియాలోని ట్రకీ అనే కొండ ఊరిలో చాలెంజర్ 605 జెట్ కూలి ఆరుగురు చనిపోయారు. అడవులు తగలబడి ఆ ప్రాంతమంతా పొగ కమ్మేసి ఉంది. రన్‌వేకి ఎదురుగా రావడానికి తిరగాల్సిన మలుపు దాటిపోయింది. ఎలాగైనా సరిచేద్దామని కో పైలట్ విమానాన్ని ఒక్కసారిగా ఏటవాలుగా తిప్పారు. అది స్టాల్ అయింది. అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి వచ్చేసింది. పైలట్లు తమ మీద తామే పెట్టుకున్న ఒత్తిడి కూడా కారణాల్లో ఒకటని ఎన్‌టీఎస్‌బీ రాసింది. తప్పు జరుగుతోందని తెలిసీ కెప్టెన్ అడ్డుకోలేదని కూడా రాసింది.

మన పేజీ చదివేవాళ్లకు ఇంకా దగ్గరగా ఉండేది 2015 నవంబర్ 10న ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్‌లో జరిగింది. ఫ్లోరిడాకు చెందిన ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ ఉద్యోగులు ఏడుగురు ఆఫీసు పని మీద హాకర్ 700 చార్టర్ జెట్‌లో వెళ్తున్నారు. వాళ్లు మనలాంటి జీతగాళ్లే. మబ్బు కిందికి దిగి ఉంది. ఆ కంపెనీలో ప్రయాణికులున్నప్పుడు కెప్టెనే నడపడం ఆనవాయితీ. ఆ రోజు మాత్రం కో పైలట్ నడిపారు. స్పీడ్ పడిపోతున్నా, విమానం మినిమమ్స్ దాటి కిందికి పోతున్నా కెప్టెన్ కంట్రోల్స్ తీసుకోలేదు. జెట్ ఒక అపార్ట్‌మెంట్ మీద పడింది. ఇంట్లో ఎవరూ లేకపోవడంతో నేల మీద ప్రాణనష్టం లేదు. విమానంలో ఉన్న తొమ్మిది మందీ పోయారు.

ఈ కేసులో దర్యాప్తు ఆ చార్టర్ కంపెనీని కూడా గట్టిగానే తప్పుపట్టింది. పద్ధతులు పాటించడంలో అలసత్వం, పైలట్లను తీసుకోవడంలో, ట్రైనింగ్‌లో, పర్యవేక్షణలో లోపాలు ఉన్నాయని రాసింది. కాగితం మీద చెక్‌లిస్ట్ ఉంది. దాన్ని పాటించకపోతే అడిగేవాళ్లు లేరు.

100లో 97 మంది వెనక్కి తిరగరు

ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ గో అరౌండ్‌ల మీద అధ్యయనం చేసింది. మబ్బులో దిగేటప్పుడు రన్‌వేకి 1,000 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి స్పీడ్, ఎత్తు, దిశ, చక్రాలు, ఫ్లాప్స్ అన్నీ సరిగ్గా కుదిరి ఉండాలి. కుదరకపోతే గో అరౌండ్ చేయాలి. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. కానీ కుదరని సందర్భాల్లో నిజంగా గో అరౌండ్ చేసింది 3 శాతమే. మిగతా 97 శాతం మంది అలాగే దిగేశారు.

దాదాపు అందరూ క్షేమంగానే దిగారు. సమస్యంతా అక్కడే ఉంది. తప్పు చేసిన ప్రతిసారీ ఏమీ కాకపోతే అదే అలవాటవుతుంది. హెల్మెట్ లేకుండా ఏడాదిగా తిరుగుతున్నవాడు ‘నాకేం కాలేదు కదా’ అన్నట్టే ఇది కూడా. అనుకున్న ప్లాన్‌నే పట్టుకుని వేలాడటాన్ని ఈ రంగంలో ప్లాన్ కంటిన్యుయేషన్ బయాస్ అంటారు. తెలుగులో చెప్పాలంటే ‘ఇంతదూరం వచ్చాం కదా’ జబ్బు.

నాకు ఈ జబ్బు మొదటి ఉద్యోగంలోనే అంటింది. శుక్రవారం సాయంత్రం రిలీజ్. టెస్టింగ్‌లో ఒక ఎర్రర్ రెండుసార్లు వచ్చి మూడోసారి రాలేదు. క్లయింట్ కాల్‌లో ఉన్నాడు. మేనేజర్ ‘ఏమంటావ్?’ అని అడిగాడు. ‘ఓకే సార్’ అన్నాను. శనివారం, ఆదివారం టీమ్ మొత్తం ఆఫీసులోనే ఉంది. నా తప్పుకి ఎవరి ప్రాణమూ పోలేదు, వీకెండ్ పోయింది. కానీ ‘ఓకే సార్’ అన్నప్పుడు నాకు కనిపించింది ఎర్రర్ కాదు, మేనేజర్ ముఖం. ఆస్పెన్ నివేదిక చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

అలారం ఉంటే చాలదా?

టెక్నాలజీతో ఇది పోదా అంటే, చాలావరకు పోయింది. ఇంజినీరింగ్ చదివే ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన పేరు డాన్ బేట్‌మన్. నేల దగ్గరకు వస్తే ‘పుల్ అప్’ అని అరిచే పరికరాన్ని తయారుచేసిన ఇంజినీర్ ఆయన. తర్వాత ప్రపంచం మొత్తం కొండలూ లోయల మ్యాప్‌ను అందులోకి ఎక్కించారు. అందుకోసం సోవియట్ యూనియన్ కూలిపోయాక బయటికొచ్చిన అక్కడి మ్యాపులను కూడా కొన్నారు. కొండను చూడకుండా వెళ్లి గుద్దుకోవడం పెద్ద విమానాల్లో ఇప్పుడు అరుదైపోయిందంటే అందులో ఆయన పని ఎంతో ఉంది.

మన దగ్గర కూడా గగన్ ఉంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కలిసి కట్టిన శాటిలైట్ వ్యవస్థ ఇది. జీపీఎస్ సిగ్నల్‌లోని తేడాలను సరిచేసి పంపుతుంది. రన్‌వే దగ్గర ఖరీదైన ఐఎల్ఎస్ యాంటెన్నాలు లేకపోయినా ఎత్తు, దిశ రెండూ చూపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగి చూపించింది. చిన్న ఎయిర్‌పోర్టులు పెరుగుతున్న మన దేశానికి ఇది చాలా అవసరమైన టెక్నాలజీ.

అయితే ట్రకీలో స్టాల్ హెచ్చరిక కూడా మోగింది. కంట్రోల్ కాలమ్‌ను గడగడలాడించే స్టిక్ షేకర్ పనిచేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. అలారం చెప్పేది ఆఖరి నిమిషంలో. తప్పు నిర్ణయం అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది.

మన దగ్గర సంగతి

2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నం నుంచి బయల్దేరిన లియర్‌జెట్ 45 చార్టర్ విమానం ముంబైలో భారీ వర్షంలో దిగుతూ రన్‌వే పక్కకు జారి ముక్కలైంది. అప్పుడు అక్కడ చూపు ఆనింది 700 మీటర్లే. పైన మనం వేసిన పది సెకన్ల లెక్క గుర్తుందా? ఎనిమిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ముంబైలో ఫైర్ ఇంజిన్లు, ఆస్పత్రులు దగ్గరే. అదే ప్రమాదం మారుమూల రన్‌వే మీద జరిగితే సాయం అంత త్వరగా అందదు.

2009 సెప్టెంబర్ 2ను తెలుగువాళ్లం మర్చిపోలేం. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ వర్షంలో నల్లమల కొండల్లో కూలి ఐదుగురు చనిపోయారు. అది హెలికాప్టర్, దిగే దశ కూడా కాదు. అందుకే ఈ కేసులతో కలపకూడదు. కానీ ‘ఈ వాతావరణంలో వెళ్లాలా, వద్దా’ అనే ప్రశ్న ఎంత పెద్ద వాళ్ల ప్రయాణంలోనైనా ఒకటే అని ఆ రోజు మన ఇళ్లలో అందరికీ అర్థమైంది.

ఎన్నికలొస్తే చార్టర్లకు గిరాకీ పెరుగుతుంది. ఒకే రోజు నాలుగు సభలు, నాలుగు ఊళ్లు. ఒక్కచోట లేటైతే మిగతా మూడూ లేటు. ఆస్పెన్‌లో 41 నిమిషాలు చేసిన పని ఇక్కడ ప్రతి సభా చేయగలదు. కాబట్టి పైలట్‌కి ధైర్యం నూరిపోస్తే సరిపోదు. ‘వద్దు’ అన్నందుకు పడే ఖర్చును తగ్గించాలి. దారి మళ్లిస్తే అయ్యే కారు, హోటల్ ఖర్చు బుకింగ్ అప్పుడే ఒప్పందంలో రాసేయాలి. పైలట్‌తో కస్టమర్ నేరుగా మాట్లాడే వీలు ఉండకూడదు. గో అరౌండ్ చేసిన పైలట్‌ని ‘ఎందుకు చేశావ్’ అని అడగకూడదు. దిగకూడని చోట దిగిన పైలట్‌ని, క్షేమంగా దిగినా సరే, అడగాలి.

ఇందులో మనకు ఉద్యోగాలెక్కడ?

విమానయానం అంటే పైలట్, ఎయిర్ హోస్టెస్ అనే మనలో చాలామంది అనుకుంటాం. పైన చెప్పిన ప్రతి లోపం వెనకా ఒక ఉద్యోగం ఉంది.

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్: ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుల ద్వారా తీసుకుంటుంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఆ సబ్జెక్టులు చదివిన ఇంజినీరింగ్ గానీ ఉండాలి. శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి మన బేగంపేటలోనే ఉంది. వయోపరిమితి, పరీక్ష విధానం తాజా నోటిఫికేషన్‌లో చూసుకోండి.

వాతావరణ శాఖ: ఎయిర్‌పోర్ట్‌లో చూపు ఎంత ఆనుతోంది, మబ్బు ఎంత ఎత్తులో ఉంది అనే రిపోర్టు ఇచ్చేది ఐఎండీ. ఇందులో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా నింపారు. శాన్ డియాగోలో లేనివాటిలో ఈ రిపోర్టు ఒకటి.

ఏవియానిక్స్ సాఫ్ట్‌వేర్: హనీవెల్, కాలిన్స్ ఏరోస్పేస్ లాంటి కంపెనీలకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సెంటర్లు ఉన్నాయి. ఇక్కడ కోడ్ రాయడం కంటే అది తప్పు చేయదని రుజువు చేయడమే పెద్ద పని. డీఓ-178సీ అనే ప్రమాణం పేరైనా తెలుసుకుని ఇంటర్వ్యూకి వెళ్లండి. టెస్టింగ్ అంటే చిన్నచూపు ఉన్నవాళ్లకు ఈ రంగం అభిప్రాయం మార్చేస్తుంది.

ఫ్లైట్ డేటా అనాలిసిస్: ప్రతి ల్యాండింగ్ స్పీడ్, ఎత్తు రికార్డవుతాయి. ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు గీత దాటారో ప్రమాదం జరగకముందే వెతికి పట్టుకోవచ్చు. పైథాన్, స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లకు బాగా సరిపోయే పని.

పైలట్ అవ్వాలనుకునేవాళ్లకు ఒక మాట. మొదటి ఉద్యోగం చిన్న చార్టర్ కంపెనీలో రావొచ్చు. పక్క సీట్లో ఉన్న కెప్టెన్ మీకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన కావొచ్చు. ‘సార్, రన్‌వే కనిపించట్లేదు, గో అరౌండ్’ అనాల్సింది మీరే కావొచ్చు. ఆ మాట అనగలిగే కంపెనీయో కాదో చేరకముందే కనుక్కోండి.

ఇంటర్వ్యూలో మీరూ ఒక ప్రశ్న అడగండి

ఇంటర్వ్యూ చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అంటారు. మనం ‘నో సార్’ అని లేచి వచ్చేస్తాం. ఈసారి ఇలా అడిగి చూడండి: ‘ఇక్కడ ఏదైనా తప్పు జరుగుతోందని కొత్తగా చేరిన ఉద్యోగికి అనిపిస్తే, పని ఆపమని చెప్పే అధికారం అతనికి ఉంటుందా? ఈ మధ్య అలా ఎవరైనా ఆపారా?’ ఫార్మా ప్లాంట్ అయినా, కన్‌స్ట్రక్షన్ సైట్ అయినా, సాఫ్ట్‌వేర్ టీమ్ అయినా ఈ ప్రశ్న పనికొస్తుంది. రెండో భాగానికి వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. ఒక్క ఉదాహరణ కూడా చెప్పలేకపోతే ఆ అధికారం కాగితం మీదే ఉందని అర్థం.

ఉద్యోగంలో చేరాక మీ పనికి కూడా ఒక మినిమమ్స్ రాసుకోండి. ఏ అంకె దాటితే ఆపుతారో ఒత్తిడి రాకముందే తేల్చుకోండి. ‘టెస్ట్ ఒక్కసారి ఫెయిలైనా రిలీజ్ లేదు’ లాంటి ఒక్క వాక్యం చాలు. దాన్ని టీమ్‌కి మెయిల్ చేసి పెట్టండి. అప్పుడు శుక్రవారం సాయంత్రం మేనేజర్‌కి ‘కాదు’ అని చెప్పాల్సింది మీరు కాదు, ఆ వాక్యం.

ఇంకో పదేళ్లకు మీరే ఆఫీసు పని మీద ఒక చిన్న జెట్ ఎక్కొచ్చు. యాక్రన్ విమానంలోని ఆ ఏడుగురిలాగా. మీటింగ్‌కి టైమ్ అవుతుంటుంది, బయట వాన పడుతుంటుంది. ఎక్కేటప్పుడే పైలట్‌తో ఒక్క మాట చెప్పండి: ‘కుదరకపోతే వేరే ఊర్లో దించేయండి సార్, మేం చూసుకుంటాం.’ ఆస్పెన్ కెప్టెన్‌తో ఆ రోజు ఈ మాట అన్నవాళ్లు లేరు.